చిన్న గంప రోజులు

ముగ్గురాయిని పిండి చేసే మిల్లులో పొద్దున ఏ రంగుతో లోపలికి పోయినా పదిగంటలకల్లా అందరం ఒకటే రంగు. నలుపు, చామనచాయ, ఎరుపు అనే తేడాలుండవు. కనురెప్పల వెంట్రుకలతో సహా తెల్లగా అయిపోతాం. కొత్తగా చేరిన పిల్లలు ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు. వారానికి ఆ నవ్వు తగ్గి దగ్గు మొదలవుతుంది.

మంగంపేట గనులకు ఈవలగా ఉన్న ఒక మిల్లులో నేను ఇరవై రెండేళ్లు పనిచేశాను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, రాత నాకంత సులువు కాదు. కానీ జరిగింది జరిగినట్టు గుర్తుంటుంది. ఎవరు ఏ చీర కట్టుకొచ్చారు, ఏం కూర తెచ్చుకున్నారు, ఏ మాట ఎవరు ముందు అన్నారు, అన్నీ. ఇప్పుడు పనులకు పోతున్న ఆడపిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీరు కుట్టుమిషను ముందు కూర్చున్నా, అంగట్లో పొద్దంతా నిలబడినా, తోటల్లో కాయలు కోసినా మీకు పనికొస్తుంది. ఇళ్లలో గట్టిగా మాట్లాడుకోని సంగతి ఇది. ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చేదాకా నేనూ గట్టిగా మాట్లాడలేదు.

మా జట్టులో పద్నాలుగు మంది ఆడవాళ్లం. గని నుంచి లారీలో రాయి వచ్చి పడేది. పెద్దవాటిని సుత్తితో కొట్టి, తెల్లది ఒక పక్క, బూడిదరంగుది ఒక పక్క ఏరి, గంపల్లో మోసుకుపోయి యంత్రం నోట్లో పోయాలి. ముగ్గురాయి చూడ్డానికి సున్నపురాయిలా ఉంటుంది గానీ ఎత్తితే ఇనుమంత బరువు. నిండు గంపను ఒక్క మనిషి తల మీదికి ఎత్తుకోలేదు. అందుకని జతలుగా పనిచేసేవాళ్లం. ఇద్దరూ చెరోపక్క పట్టుకుని ఎత్తితే ఒకరి తలకెక్కుతుంది. జట్టుకు పెద్దగా ఉన్నామెను పెద్దక్క అనేవాళ్లు. నాకంటే ముందున్న ముసలామె పని మానేశాక ఆ పేరు నాకు వచ్చింది.

ఆ ముసలామె మాకొక పద్ధతి పెట్టి పోయింది. షెడ్డు గోడకు మేకు కొట్టి ఒక చిన్న గంప తగిలించి ఉండేది. మామూలు గంపలో సగం పడుతుంది దాంట్లో. నెలసరి వచ్చిన మనిషి పొద్దున వస్తూనే ఏమీ చెప్పకుండా ఆ చిన్న గంప తీసుకుంటుంది. మిగతావాళ్లు ఏమీ అడగకుండా, ఆమె తగ్గించిన బరువు తలా కొంచెం మోస్తారు. రెండు రోజులో మూడు రోజులో గడిచాక గంప మళ్లీ మేకుకు చేరుతుంది. అంతే. దాని గురించి ఒక్క మాట నడిచేది కాదు.

సూపర్‌వైజరుకు ఈ సంగతి ఏళ్ల తరబడి తెలియదు. ఒకరోజు ఆ గంప తీసి అటూఇటూ తిప్పి చూశాడు.

"ఏమ్మా, ఇది పిల్లోళ్లు ఆడుకునే గంప మాదిరుండాదే. దీంతో ఏం చేస్తాండారు?"

"దుమ్మెత్తుతాం సార్" అన్నాను.

"ఈడ దుమ్ము కానిదేముండాది?" అని ఆయన గంపను మేకుకు తగిలించి పోయాడు. ఆ మధ్యాహ్నం మాకెవరికీ అన్నం సరిగా దిగలేదు, నవ్వుతోనే సరిపోయింది.

నా జత మనిషి నాకంటే ఆరేళ్లు చిన్నది. తొమ్మిదేళ్లు ఇద్దరం ఒకే గంప పట్టుకున్నాం. వాళ్లది చర్చికి పోయే ఇల్లు, మాది శనివారం ఒక్కపొద్దు ఉండే ఇల్లు. శనివారం మధ్యాహ్నం నేను ఒట్టి నీళ్లు తాగుతుంటే, ఆమె చెనిక్కాయలు నూరిన ఊరిబిండి వేసిన సంగటి ముద్ద నా ముందరే పెట్టుకునేది.

"ఏమక్కా, మీ దేవుడు వారానికో దినం కడుపు మాడుస్తాడు. మా దేవుడు ఆదివారం బువ్వ పెట్టి పంపిస్తాడు. ఈ దిక్కు రాకూడదా?"

"బువ్వ సరేమే, వండేదెవురు? తెల్లార్తో లేసి నువ్వే కదా. నీకు ఆదివారం గూడా సెలవు లేకపాయె."

పండగలకు చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే బయట రోడ్డు మీద పోయేవాళ్లు నిలబడేవాళ్లట. అంత గొంతున్న మనిషి పని దగ్గర ఒక్క కూతే కూసేది. గంప ఎత్తేముందు నోరు తెరవకుండా "ఊఁ" అనేది. ఆ "ఊఁ"కు ఇద్దరి నడుములూ ఒకేసారి లేచేవి. బరువు బరువనిపించేది కాదు. ఇప్పటికీ ఇంట్లో నీళ్ల బిందెకు వంగినప్పుడు ఒక్క క్షణం ఆగుతాను, ఆ "ఊఁ" వినపడాలని. వినపడదు. నేనే ఎత్తుకుంటాను.

ఆమెకు నలభై రెండు వచ్చిన ఏడాది చిన్న గంప ఆమె చేతిలో ఐదు రోజులు ఉంది. పై నెల ఎనిమిది రోజులు. ఆ తర్వాత మేకుకు పోవడమే తక్కువైంది. జట్టులో ఒకామె ఊరుకోలేదు.

"ఆ గంప నీకు రాసిచ్చినారామే? మాకు వంతు రాదా?"

"వస్తాదిలేమే. అంత ఆశపడొద్దు" అని నవ్వింది నా జత. నవ్వి గంప తలకెత్తుకుని రెండడుగులు వేసి ఆగింది. ఊపిరి తీసుకుని మళ్లీ నడిచింది. యంత్రం దగ్గరికి పోవాలంటే చిన్న ఎత్తు ఎక్కాలి. తొమ్మిదేళ్లుగా ఆ ఎత్తును ఆమె మాట్లాడుతూ ఎక్కేది. ఇప్పుడు సగంలో ఆగుతోంది. నేను చూశాను. చూసి ఏం చేశానో చెప్తాను, మీరు నవ్వుకోండి.

రాజంపేటకు పోయి, గంపలు అల్లేవాళ్ల దగ్గర కూర్చుని, ఇంకో చిన్న గంప అల్లించుకుని వచ్చాను. ఒకటి ఆమెకు, ఒకటి మిగతా పదమూడు మందికి. గొడవ తీరింది. నా అంత మంచి పెద్దక్క ఏ మిల్లులోనూ ఉండదని ఆ రోజు బస్సులో అనుకున్నాను కూడా.

మా మిల్లులో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. కంపచెట్ల చాటుకు పోవాలి. ఆమె గంటకొకసారి ఆ దిక్కు పోయేది. రెండు లంగాలు కట్టుకునేది, ఎంత ఎండలోనైనా నల్లచీరే. సుత్తి పని చేసేటప్పుడు కొంగులో నుంచి బలపం ముక్క తీసి కొరుక్కునేది. "ఈ వయసులో బలపాలేందిమే, కడుపుతో గానీ ఉండావా?" అని ఆడవాళ్లు ఎగతాళి చేస్తే, "మీ నోట్లో చక్కెర పొయ్య, ఇప్పుడు పురుడు పోసుకునే ఓపిక ఎవురికుండాది?" అనేది. ఒంట్లో రక్తం తగ్గిన మనిషికి మట్టీ బలపమూ నోరూరిస్తాయని మాకెవరికి తెలుసు.

ఒకరోజు కంపచెట్ల దగ్గర పట్టుకుని అడిగాను. మొదట తప్పించుకుంది. తర్వాత చెప్పింది. రెండు గుడ్డలు కలిపి పెట్టుకున్నా గంటకు తడిసిపోతున్నాయంది. నేరేడుపండంత గడ్డలు పడుతున్నాయంది. రాత్రి మూడుసార్లు లేవాల్సి వస్తోందంది. ఆదివారం చర్చికి తెల్లచీర కట్టుకోవాలి, చాప మీద కూర్చోవాలి, భయమేసి మూడు నెలలుగా పోవడమే లేదంది. ఆ చివరి మాట చెప్పేటప్పుడే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీ ఆయప్పకు చెప్పినావా?"

"ల్యా. చెప్తే ఆస్పత్రి అంటాడు. ఆస్పత్రికి పోతే గర్భసంచి తీసేస్తారు. మా అక్కకు కడుపునొప్పి అని పోతే అదే చేసినారు. ముప్పై ఐదేళ్లకే అది ముసల్దై కూర్చుండాది. నాకు వద్దక్కా. ఎవురికీ చెప్పనని ఒట్టెయ్యి."

ఒట్టు వేశాను. వేసి ఒక సలహా కూడా ఇచ్చాను. వయసు తిరిగేటప్పుడు ఇట్లాగే ఉంటుందని, నాకూ కొంచెం ఎక్కువే పోయిందని, అదే నిలిచిపోతుందని చెప్పాను. నాకు పోయింది నాలుగు రోజులు. ఆమెకు అప్పటికి పదిహేను రోజులు. ఆ రెండూ ఒకటే ఎట్లా అనుకున్నానో ఇప్పటికీ తెలియదు.

ఇంకో రెండు నెలలు అట్లాగే గడిచాయి. ఎండాకాలం వచ్చింది. జట్టులో ఒకామె కూతురు పెద్దమనిషైంది. ఆ పిల్లను కూర్చోబెట్టే రోజు మధ్యాహ్నానికి పని ముగించి అందరం కలిసి పోదామనుకున్నాం. మామూలుగా అయితే మిల్లులో ఎవరమూ ముఖాలు కడుక్కోం. మూతి మటుకు తుడుచుకుని తిని, సాయంత్రం పిండితోనే ఇళ్లకు పోతాం. ఆరోజు పేరంటానికి పోవాలి కాబట్టి నీళ్ల ట్యాంకరు కొళాయి దగ్గర వరసగా నిలబడి సబ్బు పెట్టుకుని కడుక్కున్నాం. ఒక్కొక్కరి అసలు రంగు బయటికి వస్తుంటే ఒకటే నవ్వులు. "ఓహో, నువ్వు ఇంత నలుపామే, నేను తెలుపనుకుంటి" అని ఒకరు, "ఇంగ కొంచేపు రుద్దితే ఎముక గూడా అగపడతాది" అని ఇంకొకరు.

నా జత చివర కడుక్కుంది. తల ఎత్తింది. చిన్న గంప తనకు వంతు రాదా అన్నామె నవ్వుతూ అంది. "ఇంగోసారి రుద్దుకోమే, పిండి పోలా."

ఆమె మళ్లీ రుద్దుకుంది. ముఖం అట్లాగే ఉంది.

"ఇట్ల తిరుగు" అని నేను నా తడి కొంగుతో ఆమె చెంప గట్టిగా తుడిచి కొంగు చూశాను. కొంగుకు ఏమీ అంటలేదు.

ఆ ఒక్క క్షణం నేను మరిచిపోలేదు. పిండి ఎప్పుడో పోయింది. ఆ తెలుపు ఆమెదే. పెదవులు, నాలుక, గోళ్లు, అన్నీ ఆ రంగే. ఇన్ని నెలలుగా రోజూ నా ముఖానికి జానెడు దూరంలో ఉన్న ముఖం అది. అందరం తెల్లగా ఉన్నాం కాబట్టి ఆమె ఎందుకు తెల్లగా ఉందని నేను అడగలేదు.

ఏదో చెప్పబోయి కొళాయి పట్టుకుని జారిపోయింది. కింద నేలంతా ముగ్గురాయి పిండే. దాని మీద తడి ఎర్రగా పాకింది. అందరికీ కనపడింది.

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. వెనకే లారీ డ్రైవర్లు ఇద్దరు. "ఎండదెబ్బ తగిలినట్టుండాది. నీడకు జరపండి, మజ్జిగ తాపండి" అన్నాడు. ఆమె కళ్లు తెరిచి నా మణికట్టు పట్టుకుంది. గొంతులో నుంచి గాలి మాత్రమే వస్తోంది.

"ఎండదెబ్బే అని చెప్పక్కా."

చెప్పి ఉంటే వాళ్లు నమ్మేవాళ్లు. చెట్టు కింద పడుకోబెట్టి మజ్జిగ తాగించేవాళ్లు. సాయంత్రానికి ఆమె ఉండేది కాదు.

"ఎండదెబ్బ కాదు సార్" అన్నాను. "నెలసరి. ఇరవై దినాలాయె, ఆగల్యా. ఒంట్లో రక్తమంతా పోయింది. జీపు తియ్యండి."

మగవాళ్లు తలలు దించుకున్నారు. ఆమె నా మణికట్టు వదిలేసింది. మూర్ఛ వల్ల వదిలిందో కోపంతో వదిలిందో అప్పుడు నాకు తెలియలేదు. సూపర్‌వైజరు ఒక్క మాట కూడా అడక్కుండా జీపు తెచ్చాడు. ఆయన మీద నాకు ఎన్ని కోపాలున్నా, ఆ ఒక్క పనికి ఈరోజుకూ దండం పెడతాను.

రాజంపేట ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి పెదవి కొరుక్కుంది. పన్నెండు దాకా ఉండాల్సింది నాలుగు కూడా లేదంది. వెంటనే రక్తం ఎక్కించడం మొదలుపెట్టి, ఆ తర్వాత నన్ను పక్కకు పిలిచి అన్నీ అడిగింది. గంటకెన్ని గుడ్డలు, ఎన్ని రోజులు, గడ్డలెంతెంత. నేను అన్నీ చెప్పగలిగాను. చిన్న గంప ఏ నెల ఎన్ని రోజులు ఆమె దగ్గరుందో, కంపచెట్లకు ఎన్నిసార్లు పోయిందో, ఎక్కడెక్కడ ఆగిందో. డాక్టరమ్మ రాసుకుంటూ రాసుకుంటూ కలం ఆపింది.

"ఇంత బాగా గుర్తుపెట్టుకున్నావు. మరి ఎందుకు తీసుకురాలేదు?"

గంప సంగతి చెప్పాను. రెండో గంప సంగతి కూడా.

"ఆ రెండో గంప కోసం రాజంపేట బస్సు ఎక్కినావు కదమ్మా" అంది నెమ్మదిగా. "ఆ బస్సులో ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఉంటే సరిపోయేది."

తర్వాత కూర్చోబెట్టి చెప్పింది. గంటకో రెండు గంటలకో గుడ్డ తడిసిపోతుంటే, వారం దాటినా ఆగకుంటే, పెద్ద గడ్డలు పడుతుంటే, రాత్రి లేచి మార్చుకోవాల్సి వస్తుంటే అది ఓర్చుకోవాల్సింది కాదు, చూపించుకోవాల్సింది. నాలుగడుగులకే ఆయాసం, గుండెదడ, కళ్లు తిరగడం ఉంటే ఆ రోజే రావాలి. ముట్లుడిగాక మళ్లీ ఒక్క చుక్క కనపడినా రావాలి. వయసు అనుకుని కూర్చోకూడదు. నేను మళ్లీ ఆమెకే ఒప్పచెప్పాను, ఒక్కటి తప్పకుండా.

నా జత మనిషి భర్త బొప్పాయి తోటలో పనికి పోయేవాడు, మెత్తని మనిషి. చేతులకు బొప్పాయి పాలు ఎండి ఉండగానే పరుగెత్తుకొచ్చాడు. "నాకెందుకు చెప్పలేదొదినా? నేనేమన్నా పరాయోడినా?" అన్నాడు. ఆయన రక్తమిచ్చి వచ్చి, దూది అదిమి పట్టుకుని గోడకానుకుని కూర్చున్నాడు.

ఆమెను కడప పెద్దాసుపత్రికి పంపించారు. స్కానింగులో గర్భసంచి లోపలికి పెరిగిన గడ్డ కనపడింది. ముందు మందులతో ఆపి, ఒంట్లో రక్తం పెరిగాక, పొట్ట కోయకుండా కింద నుంచే ఆ గడ్డ ఒక్కటి తీసేశారు. సంచి తీయలేదు. అందరికీ అట్లాగే కుదురుతుందని కాదు, కొందరికి తీయక తప్పదని డాక్టరమ్మే చెప్పింది. కానీ ఏ భయంతో అన్ని నెలలు దాచుకుందో, ఆ భయం నిజం కాలేదు.

చూడ్డానికి పోయాను. పెదవులకు రంగు వచ్చింది. నేను పక్కన కూర్చుంటే గోడ వైపు తిరిగింది.

"ఎండదెబ్బ అనమంటి కదా" అంది. "ఆ డ్రైవర్ల ముందర, ఆ సారు ముందర, నా బతుకు బజార్లో పెడితివి. ఇంగ ఏ మొగంతో రావాల ఆడికి?"

"ప్రాణం పోతావుంటే మొగం సంగతేందిమే?"

"ఒట్టేసింటివి" అంది.

ఆమె తిరిగి మిల్లుకు రాలేదు. కోడూరు దిక్కు తోటల్లో బొప్పాయిలకు కాగితం చుట్టే పనిలో చేరింది. మూడుసార్లు వాళ్ల ఊరికి పోయాను. మంచం వాల్చింది, నీళ్లిచ్చింది, ఊరిబిండి వేసి అన్నం పెట్టింది. మాట మాత్రం పెట్టలేదు. మూడోసారి బస్సులో వస్తూ, ఇక పోకూడదనుకున్నాను. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోతోందని ఎవరో చెప్పారు. ఆ మాట విన్నరోజు ఇంట్లో పాయసం వండాను. ఎందుకు వండావని అడిగితే ఏదో చెప్పాను.

మిల్లులో రెండో చిన్న గంపను నేనే పొయ్యిలో పెట్టాను. మొదటిదానికి కొత్త కట్టడి పెట్టాను. గంప తీసుకున్న మనిషి ఏడో రోజుకు దాన్ని మేకుకు తగిలించకపోతే, ఎనిమిదో రోజు ఆమె, నేను ఆసుపత్రి బస్సులో ఉండాలి. ఒట్లు, సిగ్గులు చెల్లవు. నేను పని మానేసేలోపు నలుగురిని తీసుకుపోయాను. ఒకరికి థైరాయిడ్ అని మాత్రలిచ్చారు. ఇద్దరికి ఇనుము మాత్రలు, రక్తస్రావం తగ్గే మాత్రలు సరిపోయాయి. ముట్లుడిగిన ఆరేళ్లకు మళ్లీ కనపడిన ఒకామెకు క్యాన్సర్ అనే చెడ్డజబ్బును తొలిదశలోనే పట్టుకున్నారు. ఆమె ఇప్పటికీ నన్ను చూస్తే తిట్టినట్టే పలకరిస్తుంది, బాగుంది.

కొత్త జత మనిషి మంచిదే. కానీ ఎత్తేముందు "ఎత్తుదామా, ఎత్తుదామా" అని రెండుసార్లు అడిగేది. నేను ఎత్తేలోపే ఎత్తేసేది. బరువు అప్పుడు తెలిసింది నాకు. తర్వాత రాయి మోసే బెల్టు వచ్చింది, గంపలు పోయాయి, నేనూ ఇంటికి వచ్చేశాను. అదంతా జరిగి పదమూడేళ్లు.

మొన్న ఒక పొద్దున మా గడప ముందు పద్నాలుగేళ్ల పిల్ల వచ్చి నిలబడింది. ముఖాన పౌడరు లేదు, అప్పుడే కడుక్కున్నట్టు నీటిచుక్కలున్నాయి.

"మా అవ్వ పంపించింది. వీధి మొన కొళాయి కాడ మొగం కడిగిచ్చి, నీకు చూపిచ్చి రమ్మనింది."

ఆ కళ్లు ఎవరివో అడగాల్సిన పని లేకపోయింది.

"నేను మొగం చూసి చెప్పేదాన్ని కాదు తల్లీ" అన్నాను. "రంగు చూసి ఒకతూరి మోసపోయినా. కూర్చో, అడుగుతా, చెప్పు. ఎన్ని దినాలు?"

"తొమ్మిది. ఒగోసారి పది."

"రాత్రి లేస్తావా?"

"రెండుసార్లు. ప్యాడ్డు మీద ప్యాడ్డు పెట్టుకున్నా దుప్పటి అవుతాది. బడికి గూడా పోవడంల్యా. మాయమ్మ, కొత్తల్లో అట్లే ఉంటాది, తగ్గుతాదిలే అంటాది. మా అవ్వ ఒప్పుకోల్యా."

"చిగుళ్లలో నుంచి రక్తం కారేది, దెబ్బ తగిలితే ఆగకుండా పోయేది ఏమన్నా ఉండాదా? ఆస్పత్రిలో అడుగుతారు, గుర్తు చేసుకో. మీ అవ్వ యాడుండాది?"

"వీధి మొనలో. ఇంటికి రాదంట. నువ్వు పోదామంటే పోదామనింది."

చెప్పులు వేసుకుని బయటికి నడిచాను. కోడలు వెనక నుంచి ఏదో అడుగుతోంది, వినలేదు. వీధి మొనలో నిలబడి ఉంది. జుట్టు తెల్లబడింది, ముఖం మాత్రం చక్కటి చామనచాయ. ఆమె ముఖం అసలు రంగు అంత నిండుగా నేను చూడడం అదే మొదలేమో. కాళ్ల దగ్గర బొప్పాయికాయల మూట. నన్ను చూసి తల తిప్పుకోలేదు. పలకరించనూ లేదు.

"ఆస్పత్రికి పోవాల. ఈ పొద్దే" అన్నాను. "ఈ మూట ఎవురికి?"

"నీకే. ఆమెకు గూడా రెండు, ఆ డాక్టరమ్మకు."

"ఆయమ్మ ఎప్పుడో బదిలీ అయి పాయెమే."

"అయితే అన్నీ నువ్వే తిను" అంది.

దూరంగా బస్సు హారను వినపడింది. పిల్ల ముందుకు ఉరికింది. నేను మూటకు ఒక పక్క వంగాను. అంత బరువేం కాదది, ఒక్క చేత్తో తేలిపోతుంది. ఆమె రెండో పక్క వంగి పట్టుకుంది. నేను ఆగాను.

"ఊఁ" అంది.